గౌడ్ సాబ్ ఫంక్షన్ హాల్ల నేనిచ్చిన డెమో

సిద్దిపేటల మెదక్ రోడ్డు దిక్కు ఆటోల పోతుంటే ఒక ఫంక్షన్ హాలు వస్తది. ఆ గేటు రాంగనే నేను కొంగు నెత్తి మీదికి గుంజుకుంట. "ఎండ గొడ్తుందా అక్కా?" అని పక్కన కూసున్నోళ్లు అడుగుతరు. వానాకాలంల గూడ అడిగిన్రు ఒకసారి. ఏం చెప్పాలె? ఆ హాల్ల నేను చేసిన ఘనకార్యం చెప్తే ఆటో దిగేదాక నవ్వుతరు, నేను దిగినంక ఇంకా నవ్వుతరు. మీరెట్లాగూ నవ్వేటోళ్లే, మీకైతే మొత్తం చెప్త. ఒక్క మాట ముందుగాలనే అంటున్న. ఈ కథల నేను ఎక్కడన్నా తెలివిగల్లదాని లెక్క కనవడితే అది చెప్పుటల జరిగిన తప్పు, నమ్మకుండ్రి.

నా పేరు శోభ. మా ఆయన స్కూలు బస్సు నడుపుతడు. మాతోని మా ఆడబిడ్డ రమ ఉంటది. రమకు పెండ్లైనంక అత్తగారింట్ల పొసగలే. ఒకనాడు బ్యాగు వట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఏడ్వలే, ఎవ్వరిని తిట్టలే. నేరుగ వంటింట్లకి పోయి గిన్నెలు తోముడు మొదలువెట్టింది. తోమిన గిన్నెలే మళ్ల తోమింది.

"ఇగ చాలు రమా, అవి అరిగిపోతయ్" అన్న.

"ఏదో ఒకటి తెల్లగైతుంటే మనసుకు మంచిగుంటది వదినా" అన్నది.

ఆ మాటకు నాకు కండ్లల్ల నీళ్లు వచ్చినయ్. నీళ్లతోని పాటు ఒక ఉపాయం గూడ వచ్చింది, అదే కష్టం. హైదరాబాదుల ఆఫీసులు శుభ్రం చేయించే పని చేసే నా చిన్ననాటి దోస్తు, కార్పెట్లు కడిగే పాత మిషిన్ ఒకటి అమ్మకానికి ఉన్నదని చెప్పింది. నేను ఇంట్ల మాట వరసకన్న. రమ వెంటనే మెడల గొలుసు తీసి నా చేతుల వెట్టింది.

"వద్దే, పిచ్చిదానా" అన్న.

"ఇది మెడల ఉన్నంత సేపు నాకు ఆ ఇల్లే యాదికొస్తది. మిషినైతే ఇంత చప్పుడన్నా చేస్తది" అన్నది.

అట్ల మిషిన్ వచ్చింది. ఒక పైపుకెల్లి సబ్బునీళ్లు కొడ్తది, ఇంకో పైపుకెల్లి ఆ నీళ్లను మురికితోని సహా వాపస్ గుంజుతది. గుంజిన నీళ్లు ఒక డబ్బాల పడతయ్. ఆ డబ్బా అద్దం లెక్కుంటది, లోపల ఏం వడ్తుందో బయటికెల్లి బరాబర్ కనవడ్తది. చేసినోడు ఎందుకట్ల చేసిండో గని, నా బతుకును బజార్ల వెట్టింది ఆ డబ్బానే.

మా ఊళ్లె ఇండ్లల్ల చాపలుంటయ్ గని కార్పెట్లు ఎక్కడియి? ఫంక్షన్ హాళ్లల్ల, బట్టల షోరూముల్ల, లాడ్జిలల్ల, పెద్ద డాక్టర్ల క్లినిక్కుల్ల ఉంటయ్. ఇద్దరం ఒక్కొక్క మెట్టు ఎక్కినం, ఒక్కొక్క మెట్టు దిగినం. ఎక్కడ అడిగినా ఒకటే మాట: "మా కార్పెట్‌కేమైంది? మంచిగనే ఉన్నది గద." ఒక లాడ్జి మేనేజరైతే నా మీదికే లేచిండు.

"తడి చెత్త, పొడి చెత్త వేరు చేసిచ్చే ఊరు మాది. మాకే మురికున్నదని చెప్తవా?"

ఆయనను తప్పు వట్టేది లేదు. చెత్త కండ్లకు కనవడ్తది. కార్పెట్ల మురికి అట్ల కాదు, ఒక్కొక్క కాలు కింద రోజింత చేరుతది. నిన్న ఎట్లున్నదో ఇయ్యాల గూడ అట్లనే ఉన్నట్టుంటది. మనం పక్కనే ఉండి చూసేటియి ఏవీ మారినట్టు అనిపియ్యది. ఈ సంగతి ఇప్పుడైతే ఇంత మంచిగ చెప్తున్న. అప్పుడైతే "ఈళ్లకు కండ్లు లేవు" అని ఇంటికొచ్చి అన్నం మీద కోపం తీసిన.

దోస్తుకు ఫోన్ చేస్తే అది పకపక నవ్వింది. "నోటితోని చెప్తే ఎవ్వరు వింటరే? వాళ్ల కార్పెట్ మీదనే జానెడు జాగ కడిగి చూపెట్టు. కడిగిందీ కడగందీ పక్కపక్కన వడ్తే మనిషి తట్టుకోడు. దాన్నే డెమో అంటరు."

మొదటి డెమో ఒక పండ్ల డాక్టర్, అదే డెంటిస్టు, క్లినిక్కుల ఇచ్చినం. పేషెంట్లు కూసునే గదిల పలకంత జాగ కడిగినం. డాక్టర్ బయటికొచ్చి చూసి నెత్తి వట్టుకున్నడు. "గింత తెల్లగ ఒక్కటి వెట్టి మిగిలినయి అట్లనే ఇడిచిపెడ్తే, నేను పండ్లు గూడ గిట్లనే కడుగుతననుకుంటరు. మొత్తం కడుగుండ్రమ్మా!" అన్నడు. అప్పుడే పని ఇచ్చిండు. తర్వాత ఒక చీరల షోరూం దొరికింది. అంతే, నాకు కొమ్ములు మొలిచినయ్.

ఇంట్ల అద్దం ముంగట నిలవడి ప్రసంగం నేర్చుకున్న. "సూడుండ్రి సార్, సూడుండ్రి మేడం, మీ కండ్ల ముంగట, మీ కార్పెట్ల దాసుకున్న మురికి!" అని చెయ్యి లేపి, గొంతు లేపి, చివరికి డబ్బా దిక్కు వేలు చూపెట్టుడు. మా ఆయన అన్నం తినుకుంట చూసి, "బస్టాండ్ల పండ్లపొడి అమ్మేటోడు గూడ నీకంటే జెర సిగ్గువడ్తడే" అన్నడు. రమ మాత్రం నవ్వలే.

"వదినా, నువ్వు డబ్బా చూపెట్టేటప్పుడు వాళ్ల ముఖం చూస్తున్నవా?"

"ముఖం నాకెందుకు? మనది కార్పెట్ పని."

అప్పట్ల నేను మాట్లాడితే అట్లనే ఉంటుండె.

ఇగ మెదక్ రోడ్డు ఫంక్షన్ హాలు. దాని ఓనరు రాజయ్య గౌడ్. మీసాలు దువ్వి, తెల్ల బట్టలేసుకొని, ఎవ్వరొచ్చినా లేచి నిలవడి దండం వెట్టే పెద్దమనిషి. ఊళ్లె అందరు గౌడ్ సాబ్ అంటరు. మేము పోయి పని అడిగితే ఓపికగ విన్నడు.

"ఆదివారం పొద్దుగాల రాండ్రి బిడ్డా. తెల్లారి నంగునూరోళ్ల పెండ్లున్నది. దానికి ముందుగాల మీ పనితనం చూస్త. నచ్చితే ఏడాది పొడుగునా మీరే చూసుకోండ్రి."

ఏడాది పొడుగునా! ఇంటికి పోయేదాక రమ నా చెయ్యి ఇడిచిపెట్టలే. తన గొలుసు వాపస్ వస్తదని అనలే గని, మెడ మాత్రం ఒకసారి తడుముకున్నది. నేను చూసిన.

ఆదివారం పోయినం. గౌడ్ సాబ్ స్వయంగ హాలంత తిప్పి చూపిచ్చిండు. స్టేజీ మీద, స్టేజీ ముంగట, నడుమ తొవ్వ పొడుగునా కార్పెట్. కాఫీపొడి రంగు. గోడలకు కాఫీపొడి రంగు. పరదాలు, కుర్చీల గలీబులు, ఆఖరికి పూలకుండీలకు గూడ అదే రంగు.

"చూసినవా బిడ్డా? పోయినేడే పెయింటరును కార్పెట్ మీద కూసోవెట్టి, ఈ రంగు తేలేదాక కదలనియ్యలే. అన్ని కార్పెట్‌కు మ్యాచింగ్" అన్నడు. ఆ చెప్పుటల ఎంత మురిపెమో!

రమ నా చెవుల అన్నది, "వదినా, ఎక్కడ కడగాల్నో ఆయన్నే అడుగు. లేకుంటే ఆ ఎనుక మూలకు, కుర్చీల కింద చేద్దాం."

"మూలకు చేస్తే ఎవ్వలికి కనవడ్తది?" అన్న. మిషిన్ గుంజుకపోయి స్టేజీ ముంగట, నట్టనడుమ వెట్టిన. పెండ్లిల్ల అందరి కండ్లు వడే జాగ ఏది ఉంటదో, బరాబర్ అదే జాగ.

నేను ప్లగ్గు వెడ్తుంటే బయట కారు ఆగింది. ధూళిమిట్టకెల్లి ఒక కుటుంబం హాలు చూసి బుక్ చేసుకుందామని వచ్చింది. పెండ్లిపిల్ల తండ్రి, తల్లి, మేనమామ, చేతి కర్రతోని ఒక ముసలవ్వ. గౌడ్ సాబ్ ఎదురువోయి దండం వెట్టి లోపలికి తోలుకొచ్చిండు. ఏసీ చూపిస్తుండు, వంటశాల చూపిస్తుండు.

బుద్ధున్న మనిషైతే అప్పుడు ప్లగ్గు తీసి, కొంగు సదురుకొని, బయట నిలవడ్తది. నేనేమనుకున్న? ఒక్కరు చూద్దురనుకుంటె ఇంతమంది దొరికిన్రు అనుకున్న. సినిమాల హీరోయిన్‌కు జనం కనవడ్డట్టు అయింది.

"రాండ్రి అవ్వా, దగ్గరికి రాండ్రి! మీ పిల్ల పెండ్లికి ఈ హాలు ఎట్ల తళతళలాడ్తదో చూద్దురు!"

గౌడ్ సాబ్ వాళ్ల ఎనుక నిలవడి కండ్లతోని సైగ చేసిండు. ఇంకా గట్టిగ చెప్పుమంటుండనుకున్న. చెయ్యి గూడ ఊపిండు. గింత మెచ్చుకుంటుండా అని పొంగిపోయిన. మిషిన్ ఆన్ చేసిన.

మొదలు నీళ్లు చాయ్ రంగుల వచ్చినయ్. తర్వాత డికాషన్ రంగు. తర్వాత లారీ ఇంజన్‌కెల్లి తీసిన పాత ఆయిలు లెక్క. అద్దం డబ్బాల అది గిర్రున తిరుగుతుంటే, దాంట్ల పసుపు అక్షింతలు, బగారన్నం మెతుకులు, ఇరిగిన గాజు ముక్కలు, ఎవరి కొప్పుకెల్లి వడ్డదో ఒక పిన్నీసు, అన్ని కలిసి బరాత్ ఎల్లినట్టు తిరుగుతున్నయ్. వాసన సంగతి చెప్ప. అన్నం తినేటోళ్లు ఎవ్వరన్నా ఇది చదువుతుంటరు.

ముసలవ్వ కర్ర ఆనిచ్చుకొని డబ్బా మీదికి వంగింది. "గిదేంది బిడ్డా?"

"గిది ఈ కార్పెట్ల ఉన్న మురికే అవ్వా! మీరు కూసునేది, మీ పిల్లలు ఆడేది దీని మీదనే!" అని అద్దం ముంగట నేర్చుకున్నట్టే వేలు చూపెట్టిన.

ముసలవ్వ ముఖం మారింది. "పోయిన ఎండకాలం మా చెల్లె మనవరాలి పెండ్లి గీన్నే అయింది. మా చంటిపోరడు గీడనే అంబాడిండు. కింద వడ్డ బూందీ ఏరుకొని తిన్నడు."

"తిన్నడా! వానికేం కాలేదా అవ్వా?"

ఎందుకడిగిన్నో నాకు ఇప్పటికీ ఎరుకలేదు. మర్యాద కోసం అడిగిన్నేమో.

"కడుపు నడిచింది. మేం ఎండదెబ్బ అనుకున్నం" అని ముసలవ్వ మెల్లగ తిరిగి గౌడ్ సాబ్ దిక్కు చూసింది. అందరు ఆయన దిక్కే చూసిన్రు. ఆయన మాత్రం కార్పెట్ దిక్కు చూస్తుండు. ఎందుకంటే నేను కడిగిన జాగల కాఫీపొడి రంగు లేదు. చిలుక పచ్చ ఉన్నది. కొత్తగ నాటేసిన మడి తెచ్చి హాలు నడుమ పరిచినట్టు మెరుస్తున్నది.

"ఏం రంగేసినవు దీనికి?" అన్నడు గౌడ్ సాబ్.

"రంగెయ్యలే సార్. అసలు రంగే గిది."

"నా కార్పెట్ కాఫీపొడి రంగు."

"కాదు సార్, పచ్చది. గా కాఫీపొడి రంగున్నది సూడుండ్రి, గది మురికి."

అందరు తలకాయలు లేపిన్రు. గోడలు చూసిన్రు. పరదాలు చూసిన్రు. కుర్చీలు, పూలకుండీలు చూసిన్రు. పిల్ల మేనమామకు ముందుగాల వెలిగింది.

"అంటే బావా, గోడలకు మురికికి మ్యాచింగ్ రంగేసిన్రన్నట్టు!" అని పొట్ట వట్టుకొని నవ్విండు.

పిల్ల తండ్రి నవ్వలే. "ఆలోచించి ఫోన్ చేస్తం గౌడ్ సాబ్" అన్నడు. ముసలవ్వ చీర కుచ్చిళ్లు లేపుకొని, మురికి మోరి దాటినట్టు ఒక్కొక్క అడుగు చూసి వేసుకుంట పోయింది. కారు ఎల్లిపోయిన చప్పుడైంది.

అప్పుడన్నా నేను నోరు మూసుకోవాల్నా వద్దా? "ఎట్లున్నది సార్ డెమో?" అన్న.

రమ వచ్చి మిషిన్ బంద్ చేసింది. వీలైతే నన్ను గూడ బంద్ చేస్తుండె.

గౌడ్ సాబ్ ఒక కుర్చీల కూలవడ్డడు. తిట్టలే. తిడితే నాకింత మంచిగుండు. కార్పెట్ దిక్కు చూసుకుంట అన్నడు, "బిడ్డా, రేపు పెండ్లి. వచ్చినోళ్లందరికి ఈ పచ్చ ముక్క కనవడ్తది. మళ్ల ముందటి లెక్క చెయ్యండ్రి."

"అంటే సార్?"

"మురికి చెయ్యండ్రి."

సిద్దిపేటల కార్పెట్లు కడిగేటోళ్లు ఇంకా ఉండచ్చు. కడిగిన కార్పెట్‌ను ఓనరు మాట మీద మురికి చేసింది మాత్రం మేమిద్దరమే. వంటశాలకెల్లి చాయ్‌పత్తా తెచ్చి చల్లినం. బయట కార్లు ఆగే కాడికెల్లి మట్టి తెచ్చి పోసినం. చెప్పులేసుకొని దాని మీద ఇద్దరం కోలాటం ఆడినట్టు తొక్కినం. మురికంటే అల్కగ అనుకున్నం గని, అది ఎంత మంది కాళ్లు, ఎన్ని ఇండ్ల సంబురం, ఎన్ని గంజుల కూర కలిస్తే అయింది! మనం తొందరవడితే వచ్చేది కాదది. ఆఖరికి కాఫీపొడి రంగు రాలే, పచ్చ ఉండలే. బర్రెలు వొర్లిన మడి లెక్క అయింది.

అప్పుడే గౌడ్ సాబ్ భార్య లచ్చవ్వ చాయ్ గ్లాసులతోని లోపలికి వచ్చింది. వాళ్ల ఇల్లు హాలు ఎనుకనే. ఆ మట్టిల నడుమ ఇంకా కనవడ్తున్న పచ్చను చూసి నిలవడ్డది. గ్లాసులు కింద వెట్టి వంగి చేతితోని తడిమింది.

"పచ్చది!" అన్నది. తర్వాత మొగని దిక్కు తిరిగింది. "నేనేమన్న? పచ్చది కొన్నమని అనలే? హైదరాబాదు దుకాణంల నేనే ఏరిన గద! పచ్చది, పచ్చది అని ఎన్నిసార్లంటే అన్నిసార్లు, నీకు కండ్లు పోయినయ్ అన్నవు. కండ్ల డాక్టర్ కాడికి తోలుకపోయి అద్దాలు గూడ పెట్టిపిచ్చినవు గదయ్యా!"

అని అద్దాలు తీసి ఆయన చేతుల వెట్టింది. గౌడ్ సాబ్ ఆ అద్దాలను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు, లేచి బయటికి పోయిండు.

నాకు నవ్వొచ్చింది. నవ్వబోయిన గూడ. లచ్చవ్వ నా దిక్కు చూసింది, నవ్వు నోట్లనే ఆగింది.

"బిడ్డా, నీ పని మంచిదే. నీ మిషిన్ అబద్ధం చెప్పది. గని ఎవ్వరు లేనప్పుడు ఆయనకొక్కనికే చూపెట్టకపోతివా?" అన్నది. "ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీసే కాలంల పెద్దింటి పెండ్లిల్లకు కల్లు మోసుకపోయేటోడు. పందిరి బయటనే దించి రావాలె. లోపల ఏం వేసిన్రో, ఎట్ల ముస్తాబు చేసిన్రో తొంగి చూసుడే. అందుకే చేతిల ఇంత మిగిలినంక హాలు కట్టిండు. ఎవ్వలొచ్చినా లేచి లోపలికి తోలుకొస్తడు చూడు, గందుకే."

అంత సేపు నేను కార్పెట్ చూసిన, నీళ్లు చూసిన, డబ్బా చూసిన. నీళ్లెంత నల్లగ వస్తే నాకంత సంతోషం. ఆ నల్లటియి ఒక మనిషి ఇంట్లకెల్లి వస్తున్నయని, ఆ మనిషి పక్కనే నిలవడి ఉన్నడని నాకు తట్టనే లేదు.

బయటికి పోయిన. గౌడ్ సాబ్ జనరేటర్ షెడ్డు కాడ నిలవడి ఉన్నడు.

"సార్, తప్పైంది."

ఆయన అడిగిండు, "నీళ్లు మస్తు నల్లగ వచ్చినయ్ గద?"

"వచ్చినయ్ సార్."

"ఎంత మంది తిని పోయిన్రు బిడ్డా ఈ హాల్ల! ఒక్కరన్నా చెప్పలే. అందరు మంచిగున్నదనే పోయిన్రు" అన్నడు. నా మీద కోపమో, వాళ్ల మీద కోపమో నాకు సమజ్ కాలే. కొద్దిసేపు ఇద్దరం జనరేటర్ దిక్కు చూసుకుంట నిలవడ్డం. "పోయి మొత్తం కడుగుండ్రి. లచ్చవ్వకు పచ్చదే కావాల్నట" అన్నడు ఆఖరికి.

ఇగ కడిగినం. పొద్దుగూకేదాక కడిగినం. నడుము వంగి లేవలే, లేస్తే వంగలే. డబ్బా నిండినప్పుడల్లా దాని మీద నా కొంగు కప్పుకొని, బిడ్డను ఎత్తుకున్నట్టు బయటికి తీస్కపోయి పారవోసిన. రమ అది చూసి మొదటిసారి నవ్వింది. కానీ తెల్లారి పెండ్లాయె, తొందరల సబ్బు మాత్రం మూతతోని కొలవకుండ ధారగ పోసిన. ఎక్కువ పోస్తే ఎక్కువ మెరుస్తదనుకున్న. ఊరంత తిరిగి ఫ్యాన్లు తెచ్చి వెట్టి, దేవునికి దండం వెట్టి ఇంటికి పోయినం.

తెల్లారి ఫ్యాన్లు వాపస్ తెచ్చుకుందామని పోయేసరికి పెండ్లి నడుస్తున్నది. పచ్చటి కార్పెట్ మీద ఎర్ర చీరలు, పసుపు బట్టలు. అబ్బ, కండ్లకు పండుగ! లచ్చవ్వ అద్దాలు లేకుండ ముంగటి వరసల కూసున్నది. కార్పెట్ ఇంకా జెర తడిగున్నది గని ఏసీ చల్లదనమనుకొని ఎవ్వరు పట్టిచ్చుకోలే.

స్టేజీ మీద మెట్టెలు తొడిగే వేళైంది. పెండ్లిపిల్ల కాలు లేపి సన్నికల్లు మీద వెట్టింది. పెండ్లిపిలగాడు వంగి ఆ కాలు వట్టుకున్నడు, వట్టుకొని అట్లనే ఆగిపోయిండు. కాలు పైనంత ఎర్రటి పారాణి. కిందంత చిలుక పచ్చ. ఆయన చేతులు గూడ పచ్చగైనయ్.

అయ్యగారు మంత్రం ఆపిండు.

"ఇదేం ఆచారమమ్మా?" అని పిలగాని మేనత్త అడిగింది.

"మాదేం కాదు వదినా, మీ దిక్కు ఆచారం అనుకున్నం" అన్నది పిల్ల పెద్దమ్మ.

ఎవరో ఒకాయన అనుమానమొచ్చి తన అరికాలు లేపి చూసుకున్నడు. పక్కనోడు చూసుకున్నడు. చెప్పులిడిచి స్టేజీ కాడికి వచ్చినోళ్లందరు చూసుకున్నరు. క్షణంల సగం హాలు కొంగల లెక్క ఒంటికాలు మీద నిలవడ్డది. అందరి కాళ్లు పచ్చనే. ఎక్కువైన సబ్బు మురికితోని ఆగలే, కార్పెట్ రంగును గూడ ఊడదీసింది!

నేను స్తంభం ఎనుకకు జరిగిన. రమ నా ఎనుకకు జరిగింది. గౌడ్ సాబ్ గుమ్మం కాడికెల్లి గబగబ వచ్చిండు. ఇగ అయిపోయింది, మిషిన్‌తోని సహా మమ్ములను మెదక్ దాక తరుముతడనుకున్న. ఆయన స్టేజీ ముంగట ఆగి, చెప్పు ఇడిచి, కార్పెట్ మీద కాలు వెట్టి, లేపి తన అరికాలు తనే చూసుకున్నడు. మీసాలు కదిలినయ్. ముందుగాల మెల్లగ, తర్వాత భుజాలు ఊగేటట్టు నవ్విండు. నవ్వుకుంటనే దండం వెట్టి, స్టేజీ దిక్కు తిరిగి గట్టిగ అన్నడు:

"పరేషాన్ కాకుండ్రి! కొత్త జంట సంసారం పచ్చగుండాలెనని మా హాలు తరఫున దీవెన!"

హాలు మొత్తం ఘొల్లున నవ్వింది. పెండ్లిపిల్ల గూడ తలవంచుకొని నవ్వింది. "శుభం, శుభం" అని అయ్యగారు మంత్రం ఎక్కడ ఆపిండో అక్కడికెల్లి అందుకున్నడు. ఫోటోగ్రాఫరు ఆ పచ్చటి కాలును ఎన్ని ఫోటోలు తీసిండో! మందిల ఒకామె అయితే తన బిడ్డ కాలు గూడ కార్పెట్‌కు రాసి, "నీకు గూడ తొందరగ సంబంధం రావాలె" అన్నది.

ఆ నాడు పొద్దుగూకినంక గౌడ్ సాబ్ మమ్ములను పిలిచి ఏడాది పని మాకే ఇచ్చిండు. కానీ మాతోని మాట్లాడినంత సేపు రమ దిక్కే చూసి మాట్లాడిండు. "పని నువ్వు చూసుకో బిడ్డా. మీ వదినతోని మిషిన్ మోపియ్యి, మాట్లాడనియ్యకు" అన్నడు. మంచి పద్ధతే. ఇప్పటికీ మా పని అట్లనే నడుస్తున్నది. ఓనర్లతోని రమ మాట్లాడుతది. మూలకు, కుర్చీ కింద, ఆయనొక్కనికే చూపెడ్తది. చూపెట్టేటప్పుడు ముఖం చూస్తది. ముఖం చిన్నబోతే, "అందరియి గిట్లనే ఉంటయ్ సార్, మీది చాన నయం" అంటది. అది అబద్ధమే. గని ఆ అబద్ధం ఇన్న మనిషి కడిగియ్యమని తనే అడుగుతడు.

కథ గీడ ఆగితే మంచిగుండు. కొన్నొద్దులైనంక గౌడ్ సాబ్ ఫోన్ చేసిండు. రమకు కాదు, నాకు!

"శోభా, మంచిగున్నవా బిడ్డా? కరీంనగర్ రోడ్డు మీద ఇంకొక ఫంక్షన్ హాలున్నది, ఎరికేనా?"

"ఎరికే సార్."

"వాళ్ల కార్పెట్ గూడ మస్తు పాతది. పోయి డెమో ఇయ్యి."

ఎంత పెద్ద మనసు! "పోతం సార్. మీరు పంపిన్రని చెప్త. రమను తీస్కపోయి, ఎవ్వరు లేనప్పుడు, మెల్లగ ఆయనకొక్కనికే..."

"నా పేరు చెప్పకు. రమ వద్దు, నువ్వొక్కదానివే పో" అన్నడు. ఫోన్ల గొంతు తగ్గించిండు. "ఆదివారం పో. బుకింగ్‌కు మంది వచ్చే వేళ. ముసలోళ్లను దగ్గరికి పిలువు. ఆ నాడు ఎట్ల చెప్పినవో గట్లనే, గట్టిగ చెప్పు!"

పోలే. అమ్మతోడు, పోలే. ఫోన్ పెట్టేసి మిషిన్ మీద చెయ్యి వెట్టి, మా ఆడబిడ్డను సాక్షిగ నిలవెట్టి ప్రమాణం చేసిన. మీ ముంగట మళ్ల చేస్తున్న: సిద్దిపేట నివాసినైన శోభ అనే నేను, నా ఒంట్ల పాణమున్నంత కాలం నలుగురి నడుమ ఎవ్వరి మురికీ తియ్యను. సబ్బు మూతతోని కొలవకుండ పొయ్యను. ఎవ్వరన్నా తమ కార్పెట్ కాఫీపొడి రంగంటే కాఫీపొడి రంగే, గులాబీ రంగంటే గులాబీ రంగే. నాకు కండ్లున్నా సరే, అద్దాలు పెట్టిపిచ్చినా సరే, కాదని అనను.

కడిగేదాక.